చందాదారు ఎక్కడ దొరుకుతాడు?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు రెండు విషయాలు సూచించారు. ఒకటి పింఛను సవరణ, రెండోది వృద్ధాప్యంలో ఆరోగ్యం. మొదటిదాని మీద నాకన్నా తెలిసినవారు ఈ వేదిక మీదే నలుగురున్నారు. రెండోదాని గురించి మనం కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటూనే ఉన్నాం. అందుచేత వారి అనుమతితో మూడో విషయం ఎంచుకున్నాను. మన ఇళ్ళల్లో ఈ మధ్య నెలసరి చందా మీద నడిచే చిన్న వ్యాపారాలు ఎక్కువయ్యాయి. ఒకరి కోడలు పిల్లలకు సంగీతం చెబుతుంది. ఒకరి అబ్బాయి మంచినీళ్ళ క్యాన్లు వేస్తాడు. ఒకరి అమ్మాయి యోగా నేర్పుతుంది. మా ఇంట్లో క్యారియర్ భోజనాలు. వీళ్ళందరిదీ ఒకటే బాధ. "ఫోన్లో పెట్టాం నాన్నా, చాలామంది చూశారు, మెచ్చుకున్నారు, ఎవరూ చేరలేదు." ఈ మాట మీ ఇంట్లోనూ వినపడే ఉంటుంది.

ముందుగా ఒక హామీ. ఇది మా కోడలి వంటశాలకు ప్రకటన కాదు. దాని పేరు చెప్పను, ఫోన్ నంబరు ఇవ్వను. పైగా ఆమె దగ్గర ఇప్పుడు నాలుగు ఖాళీలే ఉన్నాయి.

చందా అనేది మామూలు అమ్మకం వంటిది కాదు. బజారులో చీర కొన్నవాడు మళ్ళీ రాకపోయినా కొట్టువాడికి లాభం వచ్చేసింది. చందాదారు ముందు డబ్బిచ్చి తరువాత సరుకు పుచ్చుకుంటాడు. అనగా నెలరోజుల పాటు మనల్ని నమ్ముతాడు. ఆ నెల గడిచాక మళ్ళీ నమ్మాలా వద్దా అని ఆలోచిస్తాడు. ఇలా ఏడాదికి పన్నెండుసార్లు. అందుకే చందాదారుణ్ణి వెతకడమంటే బొమ్మ చూసి ముచ్చటపడేవాణ్ణి వెతకడం కాదు, మనల్ని నమ్మడానికి ఏదో ఒక కారణం ఉన్నవాణ్ణి వెతకడం.

ఈ సంగతి మన పోస్టాఫీసు వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఈ దేశంలో వి.పి.పి. పద్ధతి 1877లో, మనియార్డరు 1880లో వచ్చాయి. ఆ రెండూ లేకపోతే తెలుగు పత్రికలకు, పుస్తక ప్రచురణకర్తలకు ఊళ్ళలో చందాదారులుండేవారు కాదు. ఎక్కడో చెన్నపట్నంలో ఉన్న ప్రచురణకర్తను పల్లెటూరి మాస్టారు ఎలా నమ్ముతాడు? ముందు డబ్బు పంపితే పుస్తకం వస్తుందో రాదో! ముందు పుస్తకం పంపితే డబ్బు వస్తుందో రాదోనని ప్రచురణకర్తకూ అదే భయం. మధ్యలో పోస్ట్‌మ్యాన్ నిలబడ్డాడు. కట్ట చూపించాడు, డబ్బు పుచ్చుకున్నాడు, ఆ డబ్బు మనియార్డరుగా వెళ్ళింది. ఎవరూ ఎవరినీ ఎరగరు, ఇద్దరూ ఎరిగినవాడు పోస్ట్‌మ్యాన్.

నేను 1974లో గుమాస్తాగా చేరాను. వి.పి. కట్టలు తిరిగి వెళ్ళడం చూస్తూ ఉండేవాణ్ణి. ఏడు రోజులు ఉంచి, పుచ్చుకోకపోతే వెనక్కి. అదే పుస్తకాల షాపువాళ్ళవి, ఒక ఊరి కట్టలన్నీ విడుదలయ్యేవి, పక్క ఊరివి సగం తిరిగొచ్చేవి. కారణం అడిగితే మా పోస్ట్‌మ్యాన్ చెప్పాడు: "ఆ ఊళ్ళో హెడ్మాస్టరుగారు తెప్పించుకుంటారండీ. ఆయన చదివి బాగుందన్నారని మిగతావాళ్ళు రాశారు. ఈ ఊళ్ళో ఎవరో ఏజెంటు వచ్చి అందరి చేతా కార్డులు రాయించుకుపోయాడు. డబ్బు కట్టే వేళకి మనసు మారింది." ఎం.బి.ఏ. చదివిన మా మనవడికి ఈ మాట చెబితే దానికి ఇంగ్లీషులో ఒక పేరుందన్నాడు. ఉండనీయండి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టినప్పుడు సంగీత సభల్లో జనానికి ఊరికే పంచేవారని పెద్దలు చెబుతారు. కచేరీలో గంటల తరబడి కూర్చున్నవాడికి తలనొప్పి ఎలాగూ వస్తుంది. తలనొప్పి ఉన్నచోటికే మందు పట్టుకెళ్ళారు. 1908లో అదే బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రిక మొదలుపెట్టారు. తెలుగువాళ్ళ ఊళ్ళకు అంత దూరం నుంచి పత్రిక నడపడం ఎంత సాహసమో, తపాలా సంచులు మోసిన మనబోటివాళ్ళకే అర్థమవుతుంది.

1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలో మొదలైంది. విజయవాడలో అచ్చయ్యే పత్రికలు అక్కడికి చేరేసరికి పొద్దెక్కేది. ఈ పత్రిక తెల్లవారకముందే గుమ్మంలో పడింది. పాఠకుడికి అంతకుముందు లేనిది ఏదీ కొత్తగా ఇవ్వలేదు, అదే వార్త కాఫీ వేళకు ఇచ్చారు. వేళ ఎంత పెద్ద సరుకో గమనించండి. క్యారియర్ భోజనం సంగతి వచ్చినప్పుడు మళ్ళీ ఈ మాట చెబుతాను.

చందమామ గురించి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. 1947 జూలైలో మొదలై సుమారు 65 ఏళ్ళు నడిచిన ఆ పత్రికలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది, గుర్తుందా? రెండు ఫోటోలు వేసి వాటికి సరిపోయే జంట వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపమనేవారు. ఆ కార్డులు మన చేతుల మీదుగానే వెళ్ళాయి. బహుమతి వచ్చేది ఒక్కడికే, కానీ కార్డు రాసిన ప్రతి పిల్లవాడూ తన పేరు పడిందేమోనని వచ్చే నెల సంచిక కోసం కాచుకుని కూర్చునేవాడు. పిల్లవాడు అడిగితే తండ్రి చందా ఆపగలడా?

ఇక మా ఇంటి కథ. మా అబ్బాయి పనిచేసే ప్రైవేటు సంస్థ 2023లో మూతపడింది. వయసు నలభై ఆరు. ఆ వయసులో కొత్త ఉద్యోగం ఎవరిస్తారు? మా కోడలు వంట బాగా చేస్తుంది. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళకు మధ్యాహ్నం క్యారియర్ పంపుదామని ఆలోచన చేసింది. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఏ ఇంటి తలుపు తట్టినా పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళుంటారు, లేదా ఒక్కరే. నా ఫిక్స్‌డ్ డిపాజిట్లో 2 లక్షలు తీసి స్టీలు క్యారియర్లు, పొయ్యి, గ్రైండరు కొన్నాం. ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించాం. సహాయకురాలి జీతం, క్యారియర్లు చేరవేసే కుర్రవాడి జీతం, గ్యాసు పోను ఇంటికి నాలుగు డబ్బులు మిగలాలంటే కనీసం 30 మంది చందాదారులుండాలని లెక్క తేలింది. మొదటి నెల 11 మంది.

ఫోన్లో ఫోటోలు పెట్టారు. పప్పు, గుత్తివంకాయ, గోంగూర, అరిటాకు, అన్నీ చక్కగా వచ్చాయి. కొన్ని వందల మంది మెచ్చుకున్నారు. ఒక సాయంత్రం కోడలు కాగితం మీద లెక్క వేసింది. మెచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాదు, బెంగుళూరు, న్యూజెర్సీ. మా కుర్రవాడు మోపెడ్ మీద పదకొండున్నర లోపు వెళ్ళగలిగేది రెండు కిలోమీటర్లు. "మావయ్యగారూ, ఈ రెండు కిలోమీటర్లలో ఎవరున్నారో ఫోనుకు తెలియదు, ఎవరికి తెలుస్తుంది?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. అది బీటు! ముప్పై ఎనిమిదేళ్ళు బీట్లతో బతికినవాణ్ణి. మర్నాడే తెల్ల కాగితం మీద లైన్లు గీశాం. ఏ లైనులో ఎన్ని ఇళ్ళు, ఏ అపార్ట్‌మెంటుకు లిఫ్టు ఉంది, ఏ వీధికి రైల్వే గేటు అడ్డం. గేటు అవతలి ఇళ్ళు ఎంత మంచివైనా వదిలేశాం. గేటు పడితే ఇవతల పదిమందికి అన్నం ఆలస్యం.

కొత్తవాళ్ళ కోసం తిరిగేముందు నేను మరో లెక్క అడిగాను. మొదటి 5 నెలల్లో ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు? చేరింది 14, మానింది 9. బిందెకు చిల్లి ఉంటే బావి ఎంత లోతైనా ఏం లాభం? 30 మంది ఉన్నచోట నెలకు ముగ్గురు మానుతుంటే, పది నెలల్లో 30 మంది కొత్తవాళ్ళను తెచ్చినా అక్కడే ఉంటాం. మానిన 9 మందినీ ఒక్కొక్కరినీ వెళ్ళి కలిశాను. ఇద్దరు కాలం చేశారు. ముగ్గురు పిల్లల దగ్గరికి వెళ్ళారు. మిగతా నలుగురిలో ముగ్గురు చెప్పింది ఒకటే, అన్నం ఒంటిగంటకు వస్తోందని. షుగరు ఉన్న మనిషి మాత్ర వేసుకుని ఒంటిగంట దాకా ఆగలేడు. కూర బాగుందన్నారు, మాకు వద్దన్నారు. ఇందాక చెప్పానే, వేళ.

పిల్లల దగ్గరికి వెళ్ళిన ముగ్గురూ నిజానికి మానలేదు. మూడు నెలలో ఆరు నెలలో ఉండి వస్తారు. కానీ వాళ్ళు వెళ్ళేటప్పుడు మిగిలిన రోజుల డబ్బు ఏమవుతుందో మా దగ్గర పద్ధతి లేదు. అడగడానికి వాళ్ళకు మొహమాటం. ఊరెళ్ళేవాడు పోస్టాఫీసుకు కాగితం రాసిస్తే ఉత్తరాలు మళ్ళించేవాళ్ళం కదా. అలాగే ఒక ఆపు చీటీ పెట్టాం. ముందురోజు సాయంత్రంలోగా చెబితే ఆ రోజు డబ్బు వచ్చే నెలకు జమ. అమెరికా వెళ్ళినా ఖాతా అలాగే ఉంటుంది. క్యారియర్ మీద వారి పేరు చెరపరు. ఈ ఒక్క ఏర్పాటుతో మానేవాళ్ళు సగానికి తగ్గారు. ఏ వ్యాపారమైనా నెలసరి డబ్బు తీసుకునేవాళ్ళు దీన్ని ఆలోచించాలని నా మనవి. ఆపుకోవడానికి వీలు లేనిచోట మానుకోవడమే మిగులుతుంది.

కొత్తవాళ్ళ సంగతికొస్తాను. పేపర్లో కరపత్రాలు పెట్టించాం. తెల్లవారుజామున నాలుగింటికి పేపర్లు విడదీసేచోటికి వెళ్ళి ఇవ్వాలి. వెయ్యి కాగితాలకు ఇద్దరు వచ్చారు. కానీ అక్కడ నాకు దొరికింది కరపత్రం కన్నా విలువైన మనిషి. పేపరు వేసే కుర్రవాడికి ఏ ఇంట్లో నిన్నటి పేపరు తీయలేదో తెలుసు, ఏ పెద్దాయన కళ్ళు కనపడక పేపరు మానిపించాడో తెలుసు. పాలు పోసే ఆమెకు ఏ ఇంట్లో లీటరు అరలీటరైందో తెలుసు. వీళ్ళంతా మన పోస్ట్‌మ్యాన్ వారసులే. వాళ్ళ చేత వాళ్ళ వాడకందార్ల రహస్యాలు చెప్పించకూడదు, అది మర్యాద కాదు. "భోజనానికి ఇబ్బంది పడుతున్నామని మీతో ఎవరైనా అంటే మా సంగతి చెప్పండి" అని మాత్రం చెప్పాం. అంటే అవతలివాళ్ళు నోరు తెరిచి అడిగితేనే.

మోకాలి ఆపరేషన్లు అయినవాళ్ళకు వ్యాయామం చేయించడానికి ఇళ్ళకు వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒకరు మరో దారి చూపించారు. ఆపరేషనైన ఇల్లాలు ఆరు వారాలు పొయ్యి దగ్గర నిలబడలేదు. ఆ ఆరు వారాల చందా ఎవరూ అమ్మడం లేదు, మేం పెట్టాం. ఆరు వారాలకు చేరినవాళ్ళలో కొందరు తరువాత కూడా ఉండిపోయారు. ఆ అమ్మాయికి కమీషన్ ఇద్దామని మా అబ్బాయి అన్నాడు. నేను వద్దన్నాను. ఆమె కూడా వద్దంది. ఇంట్లో దీని మీద వాదన జరిగింది, ఒప్పుకుంటాను. మా అబ్బాయి చెప్పేది కూడా తీసిపారేసేది కాదు: "ఊరికే ఎవరు చెబుతారు నాన్నా, ఇన్సూరెన్సు వాళ్ళు ఇవ్వడం లేదా?" అని.

ఇస్తారు. గ్రామీణ తపాలా జీవిత బీమా 1995 మార్చి 24న మొదలైంది. మా సబ్ ఆఫీసు కింద 9 బ్రాంచి ఆఫీసులుండేవి. పాలసీ తెస్తే బ్రాంచి పోస్ట్‌మాస్టరుకు ప్రోత్సాహకం ఉండేది. కానీ ఆ పోస్ట్‌మాస్టరు అదే ఊళ్ళో పుట్టి అదే ఊళ్ళో పోవలసినవాడు. రైతుకు అబద్ధం చెప్పి పాలసీ కట్టించి మర్నాడు చెరువుగట్టు మీద అతని మొహం ఎలా చూస్తాడు? కమీషన్‌కు అక్కడ ఒక కళ్ళెం ఉంది. ఆ కళ్ళెం లేని ఏజెంట్లను కూడా మనం చూశాం. కొన్నేళ్ళ క్రితం మన సభ్యులలో కొందరు గ్రాట్యుటీ డబ్బు తీసుకెళ్ళి ఒక చిట్టీల సంస్థలో పెట్టారు. పేరు ఎందుకు? అక్కడ చేరింది ఆ సంస్థ బోర్డు చూసి కాదు. మనతో పాటు పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటింటికీ వచ్చి చెప్పాడని చేరారు. డబ్బు పోయింది, ఆయన సంఘానికి రావడం మానేశాడు. ఆయనకూ పోయిందట. నాకు డబ్బు పోయినవాళ్ళ మీదే కాక ఆయన మీద కూడా జాలి ఉంది. కాబట్టి, "ఫలానావాళ్ళ దగ్గర చేరండి" అని మనం ఒక మాట అంటే, మన పరువును వాళ్ళకు అప్పిచ్చినట్టు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. చివరికి మా ఇంట్లో కుదిరిన రాజీ ఏమిటంటే, ఎవరైనా తెలిసినవాళ్ళను చేర్పిస్తే డబ్బు ఇవ్వం. చేరబోయే ఆయనకు మూడు రోజులు ఊరికే భోజనం పంపుతాం. పంతులుగారి సంగీత సభ పద్ధతి! చెప్పినవాడికి లాభం లేదు గనుక అతని మాటకు విలువ ఉంటుంది.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. మా వంటశాల నిలబడింది దీనివల్ల.

భోజనం చేసే పెద్దవాళ్ళలో సగానికి పైగా డబ్బు కట్టేది వాళ్ళు కాదు. డల్లాస్‌లో ఉన్న కూతురో, హైదరాబాదులో ఉన్న కొడుకో. తినేవారొకరు, కట్టేవారొకరు. మా అబ్బాయికి ఇది చిక్కుగా కనపడింది. నాకు మాత్రం బాగా తెలిసిన వ్యవహారమే. మనియార్డరు! పట్నంలో కొడుకు పంపేవాడు, పల్లెలో తల్లి పుచ్చుకునేది. డబ్బు చేరడంతో పని అయిపోయిందా? లేదు. వేలిముద్రతో రసీదు ముక్క వెనక్కి వెళ్ళేది. పాత కాగితపు మనియార్డరు 2015లో ఆగిపోయింది గానీ, ఆ రసీదు ముక్క కోసం కొడుకులు ఎలా కాచుకునేవారో మీకు నేను చెప్పాలా? "అమ్మ వేలిముద్ర చూస్తే చాలండీ, బతికే ఉందని తెలుస్తుంది" అని హైదరాబాదు నుంచి సెలవుకొచ్చిన ఒక మేస్త్రీ నా కౌంటర్ దగ్గర అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది.

డల్లాస్ కూతురు కొనేది పప్పన్నం కాదు, ఆ రసీదు ముక్క. ఈ మాట చెప్పగానే మా కోడలు అర్థం చేసుకుంది. కుర్రవాడు కొత్త క్యారియర్ ఇచ్చి నిన్నటిది తీసుకునేటప్పుడు మనిషిని చూడాలి, గుమ్మంలో పెట్టి రాకూడదు. నిన్నటి గిన్నెల్లో ఎంత మిగిలిందో ఇంటికొచ్చాక చూసి ఒక పుస్తకంలో రాస్తారు. రెండు రోజులు వరుసగా అన్నం మిగిలితే కోడలు ఫోన్ చేసి, "పిన్నిగారూ, నోరు బాగాలేదా, చారు పలచగా పంపనా?" అని అడుగుతుంది. నెలాఖరుకు కట్టేవాళ్ళకు నాలుగు వాక్యాలు వెళతాయి. ఎన్ని రోజులు తిన్నారు, ఏది ఇష్టంగా తిన్నారు, ఏది మిగిల్చారు. అంతే. దీనికి ముందు ఆ పెద్దవాళ్ళ అనుమతి అడుగుతుంది. ఇద్దరు వద్దన్నారు, "నేనేం తిన్నానో మావాడికెందుకమ్మా" అని. వాళ్ళవి వెళ్ళవు.

ఒక మాస్టారు ఒక్కరే ఉండేవారు. ఒకరోజు తలుపు తీయలేదు. కుర్రవాడు కిటికీలోంచి పిలిచి, పక్కింటివాళ్ళను పిలిచి, తలుపు తీయించేసరికి ఆయన స్నానాలగదిలో పడి ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో చేర్పించారు, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఆయన కూతురు అక్కడ తన స్నేహితులకు చెప్పింది. ఆ నెలలోనే గుంటూరులో తల్లిదండ్రులున్న నలుగురు అక్కడి నుంచి ఫోన్లు చేశారు. మా అబ్బాయి ఈ సంగతి కరపత్రంలో వేద్దామన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. "మాస్టారు పడిపోవడం మన గొప్పా?" అంది. నేను ఆమె పక్షమే. ఇక్కడ చెప్పడానికి కూడా మాస్టారిని అడిగి చెబుతున్నాను.

బొంబాయి డబ్బావాలాల గురించి చదివే ఉంటారు. 1890 నుంచి ఉన్న పద్ధతి, నెలవారీ రుసుము. డబ్బా మూత మీద రంగు గుర్తులు, అక్షరాలు, అంకెలు ఉంటాయి, మన సార్టింగ్ లాగే. అవి చూసి మా కోడలు కూడా క్యారియర్ పిడికి దారాలు కట్టింది. ఎర్రదారం ఉప్పు తక్కువ, పసుపుదారం ఉల్లి వెల్లుల్లి లేనిది, తెల్లదారం మెత్తగా ఉడికించినది. కొత్తగా చేరేవాళ్ళు తమ దారం ఏమిటని అడుగుతున్నారు. అదొక సరదా అయింది.

నవంబరు నెల మాట ఒకటి. మనందరం జీవన ధ్రువపత్రం ఇచ్చే నెల. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2020 నుంచి పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి వేలిముద్ర తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. అయినా బ్యాంకుల ముందు వరుసలు కడుతూనే ఉన్నాం, నలుగురినీ కలవచ్చుగదా అని. అక్కడికి వచ్చి మనవాళ్ళకు కాగితాలు పంచుతామని అడిగినవాళ్ళున్నారు. మా అబ్బాయికి కూడా ఆశ పుట్టింది. గంటసేపు నిలబడి కాళ్ళు పీకుతున్న మనిషి చేతిలో కాగితం పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. కోడలు ఒక క్యాను మజ్జిగ పంపింది, కాగితం లేకుండా. ఎవరిదని అడిగినవాళ్ళకు కుర్రవాడు చెప్పాడు. ముగ్గురు చేరారు. మజ్జిగ ఖర్చు కన్నా ఎక్కువే వచ్చింది, మనసుకు కష్టం లేకుండా.

ఇప్పుడు మన సంఘానికి సంబంధించిన సంగతి. ఈ ప్రత్యేక సంచిక ఖర్చంతా భరిస్తామని ఒక సంస్థ ముందుకొచ్చింది. బదులుగా సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా కావాలన్నారు. కార్యవర్గం కాదన్నది. మీలో కొందరు, "పోనీ ఇస్తే ఏం పోయింది, మనకు అచ్చు ఖర్చు మిగిలేదిగా" అంటున్నారని విన్నాను. ఆ జాబితా నా చేతికొస్తే మా వంటశాలకు ఎంత లాభమో నాకు తెలుసు. అందులో గుంటూరువాళ్ళే చాలామంది ఉన్నారు. నేను అడగలేదు, అడగను. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టాల మాట వదిలేయండి. ఎవరికి ఎక్కడినుంచి ఉత్తరం వచ్చిందో బయట చెప్పకుండా ముప్పై, నలభై ఏళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళం. ఇవాళ ఒక సంచిక అచ్చు ఖర్చు కోసం మన విధవరాళ్ళైన సోదరీమణుల ఫోన్ నంబర్లు ఎవరికో ఇస్తామా? ఈ సంచిక కాస్త పలచగా ఉంటే అందుకే. కార్యవర్గాన్ని తప్పుపట్టకండి.

ప్రస్తుతం మా కోడలి దగ్గర 46 మంది ఉన్నారు. పొయ్యి 50కి సరిపోతుంది. 50 దాటితే రెండో మనిషిని పెట్టాలి, అప్పుడు చారు రుచి మారుతుందని ఆమె భయం. 50 దగ్గర ఆపేద్దామని ఆమె, రెండో వంటశాల పెడదామని మా అబ్బాయి. నన్ను తీర్పు చెప్పమన్నారు. నా డిపాజిట్ డబ్బు తిరిగొచ్చేదాకా నేను మాట్లాడనన్నాను. ఇంకా 70 వేలు రావాలి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. పొద్దున ఒక సోదరి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. ధర పెంచవలసి వస్తే ఎలా చెప్పాలి, ఉన్నవాళ్ళు పోరా అని అడిగారు. మేం పోయిన సంవత్సరం 10 శాతం పెంచాం. నెలరోజుల ముందు ప్రతి క్యారియర్లో చేత్తో రాసిన చీటీ పెట్టింది మా కోడలు. బియ్యం, నూనె, గ్యాసు, కుర్రవాడి జీతం, నిరుడెంత, ఇప్పుడెంత అని వరుసగా రాసి, పింఛను మీదే బతికేవాళ్ళు ఇబ్బందనుకుంటే పాత ధరకే ఒక కూర తగ్గించి పంపుతానంది. అయిదుగురు ఒక కూర తగ్గించుకున్నారు. ఇద్దరు మానేశారు. ఒకాయన రెండు నెలలకు తిరిగొచ్చారు. రెండో ఆయన ఇంకా రాలేదు. ఆయన క్యారియర్ పసుపుదారంతో సహా పై అరలో ఉంది.